కడుగునీటి పేటెంటుకు ఒక దొంగ కావలెను

జపాన్‌లోని హిగాషి ఒసాకాలో కుజె తొమోయె గారు వస్తున్నారంటే చిన్న చిన్న కార్ఖానాల వాళ్ళు షట్టరు సగం దించేవారు. ఆవిడ పోలీసు కాదు, పన్నుల అధికారి అంతకన్నా కాదు. స్క్రూలకీ కుళాయిలకీ నికెల్ పూత పూసే ఒక కంపెనీలో పేటెంట్ల విభాగం ఉద్యోగి. పోటీవాళ్ళ సరుకు కొని, విప్పి, భూతద్దం కింద పెట్టి, తమ ఉపాయాన్ని ఎవరు ఎత్తుకుపోయారో తేల్చడం ఆవిడ వృత్తి. పెళ్ళి విందులో కూడా చెంచా తిరగేసి పూత పరీక్షించాకే సూపు తాగేది.

అటువంటి మనిషికి యాభై దాటాక లోకం తలకిందులైంది. పర్యావరణానికి మేలు చేసే పేటెంట్లను అందరికీ ఉచితంగా వదిలేద్దామని కొన్ని కంపెనీలు కూడబలుక్కున్నాయి. తొమోయె గారి కంపెనీ కూడా చేరింది. మహాత్యాగం కనుక ప్రతి విభాగమూ తనకి పనికిరానివి వెతికి మరీ త్యాగం చేసింది. ఆ గుంపులో పొరపాటున ఒక మంచిది వెళ్ళిపోయింది. పూత పూసిన సరుకుని కడిగిన నీళ్ళనే శుభ్రం చేసి, మళ్ళీ కడగడానికి వాడుకునే పద్ధతి అది.

పొరపాటున అన్నది కంపెనీ మాట. దాన్ని ఆ గుంపులో చేర్చింది తొమోయె గారే. చిన్నప్పుడు వాళ్ళింటి పక్క కాలవ ఒకరోజు ఆకుపచ్చగా, ఒకరోజు ఊదాగా పారేది. ఎగువన ఏ కార్ఖానా నడుస్తోందో పిల్లలు నీళ్ళ రంగు చూసి చెప్పేసేవారు.

కొన్నేళ్ళు గడిచాక విభాగాధిపతి షిగా ఆవిడ బల్ల దగ్గరికొచ్చాడు. వయసులో చిన్నవాడు, దిగుల్లో పెద్దవాడు.

"కుజె గారూ, ఆ కడుగుడు పద్ధతిని ఒక్కరైనా వాడుతున్నారా?"

"వాడితే మాకు చెప్పండని మనం షరతు పెట్టలేదు కదండీ."

"అయితే ఎవరూ వాడట్లేదనే పైవాళ్ళ లెక్క. మార్చి ఆఖరులోగా ఒక్కరిని చూపించండి. లేదంటే వెనక్కి తీసుకుని మళ్ళీ తాళం వేసేస్తారట."

జన్మంతా దొంగల్ని పట్టిన మనిషి ఇప్పుడు ఒక దొంగ కోసం మొక్కుకోవలసి వచ్చింది. బజారులో దొరికిన స్క్రూలన్నీ కొని, భూతద్దం కింద పేర్చింది. ఒక పొట్లంలోని స్క్రూల మీద పూత తీరు చూడగానే అనుమానం తగిలింది. పొట్లం మీద గోందో పూత కార్ఖానా అని ఉంది.

ఆ కార్ఖానా యజమాని గోందో గారు ఆవిణ్ణి గుమ్మంలో చూస్తూనే ఒక తొట్టికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"మా దగ్గర అలాంటిదేం లేదమ్మా!"

"నేనింకా ఏమీ అడగలేదండీ."

"అడిగినా లేదు!"

టీ తెచ్చిన ఆయన భార్య ఆగిపోయింది. "ఏవయ్యా, కడుగుడు తొట్టికి ఆ కాపలా ఏమిటి?"

"కడుగుడు తొట్టి కాదే. స్నానం తొట్టి."

"కార్ఖానాలోనా? మరి నాతో ఒక్కనాడూ చెప్పలేదేం?"

తొమోయె గారు నవ్వు ఆపుకుని వంగి నమస్కరించారు. "అది ఇప్పుడు అందరిదీనండీ. వాడుతున్నానని ఒక్క మాట చెప్పండి, చాలు."

"చేపకి ఎర కూడా ఊరికే వేస్తారు లెండి!"

"మీరు చెప్పకపోతే దానికి మళ్ళీ తాళం పడుతుంది. అప్పుడు మిమ్మల్ని నిజంగానే పట్టుకోవడానికి రావాలి."

"విన్నావుటే? అసలు మాట ఇప్పుడు బయటపడింది!"

ఆయన భుజం పక్కనుంచి ఒక్క క్షణం తొట్టిలోకి తొంగిచూసి, తొమోయె గారు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. వాడేవాడి నోటి మాట లేనిదే షిగా ఒప్పుకోడు.

మార్చి ఆఖరి వారంలో నల్ల సూటు వేసుకుని, యోకాన్ మిఠాయి పెట్టె రెండు చేతులా పట్టుకుని ఒక పెద్దాయన కంపెనీలోకొచ్చి నడుం సగానికి వంచాడు. గోందో గారు.

"ఘోర అపరాధం చేశాను. మీ పద్ధతి వాడుతున్నాను. ఆవిడ వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి కంటిమీద కునుకు లేదు. మన్నించండి."

ఉచితంగా ఇచ్చినదాన్ని పుచ్చుకున్నందుకు క్షమాపణ చెప్పినవాడు షిగాకి అంతకుముందు తగల్లేదు. అయినా ఎదుటివాడు వంగితే తాను ఇంకాస్త వంగాలి కనుక వంగాడు. అది చూసి గోందో గారు మరికాస్త వంగారు. తలకాయలు మోకాళ్ళని తాకేలోగా తొమోయె గారు మధ్యలోకొచ్చి మిఠాయి పెట్టె అందుకున్నారు. షిగా లేచి, ఫోనులో పైవాళ్ళకి చెప్పాడు: "దొరికాడండీ. తాళం అక్కర్లేదు."

అప్పటికిగానీ తొమోయె గారు ఇన్నాళ్ళూ మనసులో తొలుస్తున్న ప్రశ్న అడగలేకపోయారు. "మేం నీళ్ళు పైనుంచి చిమ్ముతాం. మీరు కిందినుంచి చిమ్ముతున్నట్టున్నారు?"

గోందో గారి మొహం విప్పారింది. "పైనుంచైతే స్క్రూ మరల్లో మడ్డి ఉండిపోతోందమ్మా! తిరగేశాను."

"దానికి పేటెంటు తీసుకున్నారా?" అన్నాడు షిగా, అలవాటు కొద్దీ.

"నేనా? ఎందుకండీ? మా వీధిలోవాళ్ళు అప్పుడే చూసుకెళ్ళి పెట్టుకున్నారు కూడా..." అంటూనే ఆయన నోరు మూసుకున్నాడు.

"మీ వీధిలోవాళ్ళా?" తొమోయె గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఎవరెవరండీ?"

"యోకాన్ తినండమ్మా," అన్నాడు గోందో గారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "పొద్దున చేసిందే."