చార్టులో లేని గడి

మావయ్య రిటైరయ్యేలోపు ఆయన పనితనమంతా బొమ్మగా గీసిపెట్టమని ఈ హిందీ ఊళ్లోని కరెంటు రైలింజన్ల షెడ్డులో నాకు అప్పజెప్పారు. మావయ్య అంటే చుట్టం కాదు. నాన్నతో కలిసి డ్యూటీ చేసిన పాత ఎలక్ట్రీషియన్. ఆయన చెబుతుంటే నేను ఫోన్‌లో వీడియో తీసుకుంటూ, గడులు గీసి బాణాలతో కలిపేదాన్ని. నా గీతలంటే నాకు మహా మోజు.

ఇంజన్ కప్పు మీదికెక్కే నిచ్చెన దగ్గర మాత్రం ఆయన ప్రతిసారీ మాట ఆపేసి, చేతులు రెండూ దగ్గర చేర్చి, పైకి చూసేవాడు. పైడితల్లికి దణ్ణం పెట్టుకుంటున్నాడనుకుని తల తిప్పుకునేదాన్ని. దణ్ణం పెట్టుకునేవాళ్లను గుచ్చి చూడకూడదని మా ఇంట్లో నేర్పారు మరి.

చార్టు గోడెక్కింది, ఆయన రిటైరయ్యాడు. తర్వాత ఒక సెలవు రోజు పొద్దున, రాజ్‌కిశోర్ నగర్‌లో మా ఇంట్లో కూర్చుని ఫోన్‌లో పాత వీడియోలు చెరుపుతున్నాను. నిచ్చెన దగ్గరిది ఒకటి కనబడింది. నేను తల తిప్పుకున్నాను గానీ ఫోన్ తిప్పుకోలేదు. అందులో మావయ్య చేతి గ్లౌజులు బిగించుకుంటూ, పై తీగకు ఎర్త్ రాడ్డు తగిలించి ఉందో లేదో చూస్తున్నాడు! స్విచ్చి ఆపినా పక్క లైను వల్ల ఆ తీగలోకి కరెంటు వస్తూనే ఉంటుంది. దాన్ని నేలలోకి దించేది ఆ రాడ్డే. నా చార్టులో 'స్విచ్చి ఆపు' నుంచి బాణం నేరుగా 'నిచ్చెన ఎక్కు'కు పోయింది.

పాతవాళ్లకు అది చేతి అలవాటు, చార్టు చూడరు. కానీ పక్కూరు బెల్తరా నుంచి వచ్చే కొత్త ఫిట్టర్ చార్టు చూసే నేర్చుకుంటున్నాడు. కప్పు మీద అతని మొదటి పని ఆ రోజే.

వెంటనే అతనికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్కూటీ తీస్తే దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు ఎంతకీ తెమలదు. ఈసారి పైడితల్లికి నిజంగానే మొక్కాను.

వెళ్లేసరికి అతను నిచ్చెన సగంలో ఉన్నాడు. రాడ్డు గోడకే ఆనించి ఉంది.

"రుకో! ఉతరో!" అని, ఆగి దిగిపొమ్మని హిందీలో కేక పెట్టాను.

దిగి, బిక్కమొహంతో గోడ చూపించాడు. "దీదీ, చార్ట్ మే తో యహీ హై."

చార్టులో ఇదే ఉంది మరి, ఉన్నట్టే చేశాడు పాపం.

సాయంత్రం మావయ్య దగ్గర కూర్చుని ఏడ్చాను. "రాడ్డు సంగతి ఎందుకు చెప్పలేదు మావయ్యా?"

"ఏటమ్మా, అదీ నోటితో సెప్పాలేటి? పక్కనే ఉండి సూసేవు గదా!"

రాడ్డు గడిని చార్టులో ఎర్ర సిరాతో గీశాను. ఇప్పటికీ పని చెప్పేవాళ్లు మధ్యలో ఒక్క క్షణం ఆగితే, పెన్ను పక్కన పెట్టి, వాళ్లు ఎటు చూస్తున్నారో చూస్తాను.