విత్తనానికి వదిలిన బీరకాయ

మా ఆవిడ దర్జీ. ముందుగదిలో మిషను తొక్కుతూ వీధి వీధంతటి కొలతలూ నోటికి చెప్పేస్తుంది. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. మా ఇంట్లో నా హోదా ఏపాటిదో పెరట్లోని బీరపాదుల్ని అడిగితే చెబుతాయి. మంచి కాయ విత్తనానికి, వంకరకాయ నాకు.

విత్తనానికి ఎంచిన కాయ తొడిమకు ఆవిడ ఒక గుడ్డపీలిక కడుతుంది. ఇక దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. నవనవలాడే కాయ నా కళ్లముందే ముదిరి, ఎండి, ఊపితే గలగలమనేదాకా నేను గుటకలు మింగుతూ కూర్చోవాలి. ఒకసారి ఒళ్లుమండి, "కట్టుకున్నవాడికంటే కాయ ఎక్కువైందా నీకు?" అని అరిచాను.

"మిమ్మల్ని మళ్ళీ నాటక్కర్లేదుగా" అంది, దారం కొరుకుతూ.

ఎంత గొణిగినా ఒకటి ఒప్పుకోవాలి. ఆవిడ దాచిన గింజ మొలవకపోవడమన్నది నేనెరగను. నర్సమ్మగారి పాదు, పోస్టుమాన్ పాదు, ఎదురింటి మేష్టారి పాదు, అన్నీ ఆవిడ పొట్లాల్లోంచి లేచినవే. అలాంటి కన్ను నూటికో కోటికో ఒకరికి ఉంటుంది.

ఈ ఏడు ఆవిడకు గుండె ఆపరేషనైంది. ఆసుపత్రికి వెళ్తూ, "మంచి కాయ చూసి పీలిక కట్టండి" అని అప్పజెప్పింది. ఏది మంచిదో నాకేం తెలుసు, నా మొహం! ఎందుకొచ్చిన గొడవని కనబడ్డ ప్రతి కాయకీ కట్టేశాను. మూడు వారాలకు తిరిగొచ్చి పెరటి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏవండీ, పాదులమీద బట్టలారేశారా?" అని గుండెమీది కుట్లు పట్టుకుని మరీ నవ్వింది. ఇరవైమూడు కాయలు ముదిరిపోయాయి. వండుకోవడానికి ఒక్కటీ మిగల్లేదు.

పీలికలన్నీ విప్పించి, మర్నాటినుంచి నాకు బడి పెట్టింది. కాయ లావు చూసి మోసపోకూడదట. ముందు పాదును చూడాలట. పక్కవాటికి తెగులు తగిలినా పచ్చగా నిలిచిందేదో, ఎండకు ఆకు వాల్చనిదేదో కనిపెట్టి, దాని కాయల్లోనే ఎంచాలట. కుర్చీలో కూర్చుని "ఏదీ, చూపించండి" అనేది. నేను లావుపాటిది చూపించేవాణ్ణి. "తప్పు" అనేది. వారమంతా తప్పే.

నిజానికి మూడోరోజుకే నాకు తెలిసిపోయింది. గోడవారనున్న సన్నపాదు. తెలిసీ చెప్పలేదు. ఇక ఆట్టే రోజులు ఆశపెట్టుకోవద్దని డాక్టరు నాతో చాటుగా అన్నాడు. నేను నేర్చేసుకుంటే ఆవిడకు బెంగ తీరిపోతుందని, బెంగ తీరినవాళ్లు తేలిగ్గా వెళ్లిపోతారని నా పిచ్చి భయం. నేను మొద్దునై ఉంటే నన్నొదిలి ఎలా వెళ్తుంది?

ఎనిమిదో రోజూ లావుకాయే చూపించాను. ఈసారి తప్పనలేదు.

"టిక్కెట్టు తీయనివాళ్లను మొహం చూసి పట్టుకునేవారు కదా. మీ మొహం చూసి నేను పట్టుకోలేననుకున్నారా?" అంది.

నేను తల దించుకున్నాను.

"మీరు నేర్చుకున్నా, లేకపోయినా పోయేరోజున పోతాను. రైటంటే కదిలి, హోల్డానంటే ఆగడానికి ప్రాణమేమన్నా మీ బస్సా? తెలిసిందని ఒక్కమాట చెబితే ఉన్నన్నాళ్లూ నిశ్చింతగా ఉంటాను. ఆ మాత్రం చెయ్యలేరా నాకు?"

లేచి గోడవారకు వెళ్లాను. సన్నపాదుకు వేలాడుతున్న ఓ తిన్నని కాయను పట్టుకుని పీలిక చుట్టాను. కళ్లనిండా నీళ్లు, ముడి కనబడి చావదు.

"వదులుగా ఉంది" అంది ఆవిడ కుర్చీలోంచి. "మళ్ళీ కట్టండి."