వైవాకొచ్చిన తుఫాను

నా పీహెచ్‌డీ వైవా రోజున నన్నెవరూ చూడలేదు. సెమినార్ హాల్లో ఉన్నవాళ్లందరి కళ్లూ తెరమీదే ఉన్నాయి. ఆ తెరమీద మా ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మేడం, ఆవిడ వెనక కిటికీ, కిటికీలో సముద్రం, ఆ సముద్రం మీదుగా వచ్చేస్తున్న తుఫాను. ఆరేళ్లు కష్టపడి రాసిన థీసిస్ గురించి నేను గొంతు చించుకుంటుంటే, మా జూనియర్లు కొబ్బరిచెట్టు ఎటు వంగుతోందా అని చూస్తూ కూర్చున్నారు. ఒళ్లు మండదా మరి?

అసలైతే మేడం రైల్లో రావాలి. ఆవిడది కాకినాడ దగ్గర సముద్రపొడ్డు ఊరు. మొదట వాయుగుండమన్నారు, తర్వాత తుఫానన్నారు, ఆ వెంటనే రైళ్లు రద్దన్నారు. మా గైడ్ సార్ ఫోన్ చేసి వాయిదా వేద్దామా అని అడిగారట. తుఫాన్లు మాకు ఏటా వచ్చే చుట్టాలే, ఆ పిల్ల వైవా మాత్రం ఒక్కసారే కదా, ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో కానిచ్చేద్దాం అన్నారట ఆవిడ. ఆ మాట విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

వాయిదా అంటే నాకెందుకంత భయమంటే, మా అమ్మ. సిద్దిపేట వైపు పల్లె మాది. వరి కోసి, వడ్లు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. అక్కడ తుఫాను వస్తే ఇక్కడ వాన తప్పదు. నాన్న వాటిమీద పరదాలు కప్పడానికి ఆగిపోయి, అమ్మనొక్కదాన్నే బస్సెక్కించాడు. మర్నాడు పొద్దున్నే ఆమె తిరిగి వెళ్లిపోవాలి. ఇంకోసారి రమ్మంటే రాదు. పనులు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి ఆమెకు.

నేను పీహెచ్‌డీలో చేరిన నాటినుంచీ అమ్మ నన్ను అడిగేది ఒక్కటే, ఇంకెన్నొద్దులు సదువుతవు బిడ్డా అని. బీఏ అయింది, ఎమ్మే అయింది, నా ఈడువాళ్ల పిల్లలు బడికి పోతున్నారు. ఇంకా ఏం చదువమ్మా మీ బిడ్డది అని ఊరు ఆమెను అడుగుతుంది, ఆమె నన్ను అడుగుతుంది. డిగ్రీ కాగితం ఎప్పుడో వస్తుంది, వచ్చినా అమ్మ దాన్ని చదవలేదు. వైవా అయ్యాక గైడ్ లేచి నలుగురి ముందూ ‘ఈమె ఇకనుంచి డాక్టర్’ అని చెప్తారు చూడండి, ఆ మాట అమ్మ తన చెవులతో వినాలి. అప్పుడైనా ‘నా బిడ్డ’ అని ఆమె మొహంలో కనపడాలి. నాకు కావలసింది అంతే. అంతే అంటున్నాను గానీ, దానికోసమే వారం రోజులుగా నిద్రలేదు.

ఆ పొద్దున తార్నాకలో ఆకు కదలడం లేదు. ఉక్క. నేనూ నా స్నేహితురాలూ అద్దెకుంటున్న గదిలో, నా పట్టుచీర కుచ్చిళ్లు తను సర్దుతుంటే అమ్మ మంచం మీద కూర్చుని, గీ పరీక్షకు పట్టుచీరెందుకే అంది. ముగ్గురం ఆటోలో ఇరుక్కుని క్యాంపస్‌కి వెళ్లాం. వైవా అయ్యాక సమోసాలు పెట్టించడం మా దగ్గర రివాజు, అవి పొద్దున్నే చెప్పి వచ్చాం. ఇంకో రివాజు కూడా ఉంది. వైవా చివర్లో సభలో ఎవరైనా ప్రశ్నలు అడగవచ్చు అంటారు. నిజంగా ఎవరైనా అడిగితే కొంప మునుగుతుంది కాబట్టి, మన స్నేహితులకే రెండు మెత్తటి ప్రశ్నలు ముందుగా ఇచ్చి పెడతాం. నా స్నేహితురాలు తన ప్రశ్నను ఆటోలో రెండుసార్లు నాకు అప్పజెప్పింది.

హాల్లో అమ్మ వెనక వరసలో తలుపు పక్కన కూర్చుంది. ముందుకు రమ్మంటే రాదు. సంచి ఒళ్లో పెట్టుకుని, పిలిస్తే పారిపోయేలా ఉంది. ఈలోగా తెరమీద మేడం కనిపించారు. చిన్న మనిషి, పెద్ద కళ్లజోడు, కొంగు బొడ్లో దోపుకుని ఉన్నారు. కిటికీ మూసేస్తే చీకటైపోయి మీకు నేను కనపడను, అందుకని రెక్కల్ని పాతచీర పీలికతో కట్టేశానండీ అన్నారు. ఆ రెక్కల మధ్యన నల్లగా, కదులుతూ, అంతులేకుండా ఉందది.

గదేం చెరువు అని అమ్మ నా స్నేహితురాలిని అడిగిందట. సముద్రమని తను చెప్పిందట. మా అమ్మ అంతకుముందు సముద్రం చూడలేదు. నేను మొదటి అధ్యాయం మొదలుపెట్టేసరికి వెనక వరసలో ఉంది. రెండో అధ్యాయానికి మధ్య వరసలోకి వచ్చింది. మూడో అధ్యాయంలో తలెత్తి చూస్తే, మొదటి వరసలో గైడ్ సార్ పక్క కుర్చీలో, సంచి కిందపెట్టి, మెడ సాచి తెరనే చూస్తోంది. ముందుకు తేవడానికి నేను బతిమాలితే కాలేదు, బంగాళాఖాతం తెచ్చింది.

నిజం చెప్పొద్దూ, చూడదగ్గట్టే ఉంది. మబ్బు పైనుంచి వస్తుందనుకుంటాం కదా, అది నీళ్లలోంచి లేస్తున్నట్టు కింద నుంచి నల్లబడుతూ వచ్చింది. దూరంగా నురగ గీత ఒకటి కనిపించింది, కాసేపటికి రెండయ్యాయి, తర్వాత అంతా నురగే. కొబ్బరాకులన్నీ ఒకే వైపు తిరిగిపోయాయి. ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ కిటికీ అవతల గాల్లో దొర్లుకుంటూ పోయింది. సరిగ్గా అప్పుడే నేను నా ముఖ్యమైన సూత్రీకరణ చెప్తున్నాను. హాలంతా ‘అయ్యయ్యో’ అంది. నా సూత్రీకరణలో ఏం తప్పుందా అని నేను ఒక్క క్షణం బిత్తరపోయాను.

మేడం గమనించారు. అమ్మాయ్, నువ్వు నా భుజం మీంచి చూడకు, నా మొహంలోకి చూసి చెప్పు, సముద్రం సంగతి నేను చూసుకుంటాను అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక ఆవిడ మొహంలోకే చూస్తూ మిగతాది చెప్పాను.

నా థీసిస్ వరినాట్ల పాటల మీద. ఇన్ని పాటలు అచ్చులో పెట్టావు, ఒకటి పాడు వింటాను అన్నారు మేడం. నా గొంతు సంగతి నాకు తెలుసు. అయినా తప్పదని ఒక చరణం ఎత్తుకున్నాను. నాటు పాటను ఒక్కరు పాడలేరు. ఒకామె ఎత్తుకుంటే వరసలో ఉన్నవాళ్లంతా అందుకోవాలి. నేను చరణం చివరికొచ్చి ఆగాను. అమ్మ అలవాటుగా ‘ఉయ్యాలో’ అని అందుకుంది, తెరమీంచి కళ్లు తిప్పకుండానే. రెండోసారికి మా జూనియర్లలో పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు కలిశారు. మూడోసారికి లాప్‌టాప్‌లోంచి కూడా ఎవరో అందుకున్నట్టు వినిపించింది. గాలి చప్పుడేమో అనుకున్నాం. మేడం మాత్రం పక్కకు తిరిగి, నోటిమీద వేలు పెట్టి ఎవరినో గదిమినట్టు కనిపించారు.

పాట అయ్యేసరికి గైడ్ సార్ హుషారుగా లేచి, సభలో ఎవరికైనా సందేహాలుంటే అడగవచ్చు అన్నారు. నా స్నేహితురాలు ప్రశ్న కోసం గొంతు సవరించుకుంది. అది లేచేలోపలే మా అమ్మ లేచి నిలబడింది.

కూర్చోమని సైగ చేశాను, కళ్లురిమాను. ఊళ్లో నలుగురు కూర్చున్న చోట ఎవరైనా అడగొచ్చంటే నిజంగానే ఎవరైనా అడగొచ్చని లెక్క. ఆమెకు ఈ యూనివర్సిటీ మర్యాదలు ఎవరు చెప్పారు? అమ్మ కొంగు సరిచేసుకుని, గైడ్‌ని కాదు, నన్ను కాదు, తెరమీదున్న మేడంని అడిగింది.

“మేడం, గంత గాలొస్తున్నది. ఇంట్ల ఒక్కలే ఉన్నరా?”

ఎవరో కిసుక్కుమన్నారు. మేడం నవ్వలేదు. కళ్లజోడు తీసి, అమ్మ ఎక్కడుందో వెతుకుతున్నట్టు తెరకు దగ్గరగా వచ్చారు. జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. అంతే, బొమ్మ ఆగిపోయింది. సగం తెరిచిన నోరు, వెనక ఇంత ఎత్తున ఆగిపోయిన అల. తర్వాత అది కూడా పోయి తెర నల్లబడింది.

అవతల కరెంటు పోయినట్టుంది. ఫోన్ చేస్తే కలవడం లేదు. గైడ్ సార్ మొహం మాడిపోయింది. ఎగ్జామినర్ తన నోటితో సిఫారసు చేస్తున్నానని అందరూ వినేలా చెప్తే తప్ప ఏమీ ప్రకటించడానికి లేదు. పావుగంట చూద్దాం, కాకపోతే ఇంకో తేదీ పెట్టుకోవాల్సిందే అన్నారు. సమోసాలు వచ్చి బల్లమీద చల్లారుతున్నాయి. వాటివైపు చెయ్యి చాపడానికి ఎవరికీ ధైర్యం లేదు.

నేను అమ్మ పక్కన కూలబడ్డాను. ఉక్రోషం ఆపుకోలేక, గదే మాట గిప్పుడే అడగాల్నా అమ్మా అన్నాను. అమ్మ ఇంకా నల్లటి తెరనే చూస్తోంది.

“మరెవలడుగుతరు బిడ్డా? అందరు నిన్నే అడగవట్టిరి.”

ఇద్దరం తెరవైపు చూస్తూ కూర్చున్నాం. నాకు ఆవిడ మాట కావాలి, అమ్మకు ఆ మనిషి కావాలి.

పావుగంట దాటాక కూడా గైడ్ సార్ మంచితనంతో గడియారం చూడలేదు. అప్పుడు మోగింది ఆయన ఫోను. స్పీకర్ పెట్టి మైకు దగ్గర పట్టుకున్నారు. హాలంతా గాలి హోరుతో నిండిపోయింది. ఆ హోరులోంచి మేడం గొంతు. మేడమీద మూలగదిలో మాత్రమే సిగ్నల్ అందుతోందట, ఎప్పుడు పోతుందో తెలియదట.

“ముందు ఆ అమ్మగారికి జవాబు చెప్పాలండీ. అమ్మా, నేనొక్కదాన్నీ లేను. ఒడ్డున పాకల్లో ఉండేవాళ్లందరూ మా ఇంట్లోనే ఉన్నారు. పొద్దున్నుంచీ ఎదురుగా నేలమీద కూర్చుని మీ అమ్మాయి పరీక్షే చూస్తున్నారు. నోరెత్తితే తుఫాన్లోకి గెంటేస్తానన్నాను.”

హాలు గొల్లుమంది. మేం వాళ్ల తుఫాన్ని చూస్తుంటే వాళ్లు మా వైవాని చూశారన్నమాట. ఇంటినిండా జనం, పిల్లాజెల్లా, అంత గాలిలో, నా థీసిస్‌ని శ్రద్ధగా విన్నది వాళ్లే. మేడం వెంటనే గొంతు మార్చి, పద్ధతి ప్రకారం ఇంగ్లీషులో, ఈ పరిశోధనకు డాక్టరేటు ఇవ్వాలని సిఫారసు చేస్తున్నానని ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పారు. ఆమె వెనక ఎవరో పాసయ్యిందా అని అడగడం, అయ్యిందని మేడం అనడం, అక్కడ చప్పట్లు, ఈలలు, ఒక పసిపిల్ల ఏడుపు, అన్నీ వినిపించాయి. లైను తెగిపోయింది.

గైడ్ సార్ లేచి ఆ మాట అన్నారు. ఈమె ఇకనుంచి డాక్టర్ అన్నారు. ఇక్కడా చప్పట్లు మోగాయి. నేను అమ్మను చూశాను. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఆరేళ్లుగా నేను ఎదురుచూసింది ఇదే కదా. పరుగున పోయి కాళ్లకు దండం పెట్టబోతే, నా భుజాలు పట్టుకుని లేపింది.

“ఇంటినిండ మంది ఉన్నరంట బిడ్డా. గింతసేపు నా పానం పానంల లేదు.”

సార్ చెప్పింది విన్నావా అని అడిగాను. ఇన్న, మంచిగైంది అంది. సమోసా తీసుకుని, సల్లగైపోయినయి అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిపి ఆ చల్లటి సమోసాతో మింగేశాను. ఆ సాయంత్రం మా జట్టంతా కలిసి తార్నాక చౌరస్తా దాకా గోలగోలగా నడిచాం. సంతోషమే, కాదనను. కొంచెం వెలితి ఉంది, అదీ కాదనను.

మర్నాడు పొద్దున్నే తార్నాకలో వాన మొదలైంది. వడ్లు తడవలేదని నాన్న ఫోన్ చేశాడు. అమ్మ సంచి సర్దుకుని చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటి మెట్లమీద కూర్చుండిపోయింది. మేడం ఎట్లున్నదో అరుసుకుంటే తప్ప బస్సెక్కదట. ఎన్నిసార్లు చేసినా ఆ ఊరి ఫోన్లు కలవడం లేదు. మొదటి బస్సు పోయింది. రెండోది కూడా పోయింది. వాన జల్లు మెట్లమీదికి కొడుతోంది, పై అంతస్తులవాళ్లు పక్కకు జరిగి దిగుతున్నారు. అమ్మ కదలదు.

ఎట్టకేలకు రింగైంది. మేడం హలో అన్నారు. గొంతు బొంగురుపోయింది గానీ హుషారుగానే ఉంది. నేను నోరు తెరిచేలోపల అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఎవరండీ మాట్లాడేది అని ఆవిడ అడుగుతున్నారు. అమ్మ లేచి నిలబడింది. కొంగు సరిచేసుకుంది. ఆ వానలో, మెట్లు దిగుతున్నవాళ్లు ఆగి చూసేంత గట్టిగా చెప్పింది.

“నేను మేడం, డాక్టరమ్మ తల్లిని మాట్లాడుతున్న.”