ముప్పై తొమ్మిది అక్షరాలు

ఖాజాగూడలో బండలు కొట్టే యాదయ్య కూతురు రేఖ. 1999లో మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో, ఓ చిన్న కంపెనీలో ప్రోగ్రామరుగా చేరింది. వాళ్లు తయారుచేసిన ట్యాంకుల ఆటను ఇంటర్నెట్ మీద ఒకేసారి వందమంది ఆడుకోవచ్చు.

ఆ జూన్‌లో జపాన్ కాలేజీ ఒకటి ఫిర్యాదు పంపింది. అక్కడి ల్యాబులో కొత్త రకం పొడుగు ఇంటర్నెట్ అడ్రసులు పరీక్షిస్తున్నారు. ఆటలో మోసం చేసిన ఒక్క విద్యార్థిని బయటకు నెడితే, ల్యాబులోని నలభై మందికీ తలుపు మూసుకుపోయిందట.

రేఖ వెతికితే కారణం దొరికింది. సర్వరు ప్రతి ఆటగాడి అడ్రసులో మొదటి పదిహేను అక్షరాలే దాచుకుని మిగతాది కోసేస్తోంది. పాత అడ్రసులకు అది సరిపోయేది. ఈ కొత్తవాటికి తేడా అంతా చివర్లోనే ఉంది. కోసేశాక నలభై మందీ ఒక్కరే అయిపోయారు.

మేనేజరు బుల్లిబాబుది కాకినాడ. ఆయన అడ్రసు వైపు ఓసారి చూసి, "పదిహేను బదులు ముప్పై రెండు పెట్టేయండి రేఖ గారూ. మధ్యాహ్నానికి అయిపోవాలండి," అన్నాడు.

"సార్, అది సరిపోదు. జర లెక్కపెట్టి చూడుండ్రి."

"నేను చూశానండి. మీరు పెట్టండి."

పెట్టింది. రెండు రోజులకు అదే ఫిర్యాదు మళ్లీ వచ్చింది.

"ఏం చేశారండీ మీరు?" అన్నాడు బుల్లిబాబు, అందరూ వినేలా.

రేఖకు ఒళ్లు మండిపోయింది. లేచి బోర్డు దగ్గరికి వెళ్లి మార్కరు ఆయన చేతికిచ్చింది. "మీరే రాయుండ్రి సార్. ఒక్కొక్కటి లెక్కపెట్టుండ్రి."

ఆయన విసుక్కుంటూనే రాశాడు. నాలుగేసి అక్షరాల గుంపులు ఎనిమిది. ముప్పై రెండు దగ్గర ఆగి, నవ్వబోయాడు.

"మరి నడిమిట్ల చుక్కలు?" అంది రేఖ.

గుంపుకీ గుంపుకీ మధ్య జంట చుక్కల గుర్తు (:) ఒక్కోటి, మొత్తం ఏడు. ముప్పై తొమ్మిది. బుల్లిబాబు మార్కరుకు మూత పెట్టి కూర్చున్నాడు.

"ఇగ సంఖ్య పెంచుడు కాదు సార్. అడ్రసును అక్షరాలుగా దాచుడే తప్పు, అంకెగ దాచాలె. మొత్తం మార్చాలె. నాకు వారం గావాలె."

"వారమా!" అన్నాడు గానీ, కాదనలేకపోయాడు.

నలభై మూడు చోట్ల మార్చాల్సి వచ్చింది. అందులో ఒకచోట, నిషేధించినవాళ్ల జాబితా చదివేటప్పుడు, సర్వరు మొదటి జంట చుక్కల దగ్గరే ఆగిపోతోంది. దాన్ని అలాగే వదిలేసి ఉంటే ల్యాబే కాదు, అదే మొదటి గుంపుతో మొదలయ్యే అడ్రసున్న ప్రతివాడూ బయటే ఉండేవాడు. రేఖ తల పట్టుకుని, ఆ ముక్క మొదటినుంచీ రాసింది.

తొమ్మిదో రోజున జపాన్ నుంచి మెయిలు వచ్చింది. ముప్పై తొమ్మిది మంది ఆడుకుంటున్నారు, ఒక్కడే బయట ఉన్నాడు.

"చూశారా, చిన్న పనేగా," అన్నాడు బుల్లిబాబు.

రేఖ తన సీట్లో కూర్చుని కొత్తగా రాసిన ఆ ఫైలు తెరిచి, పైన మార్పులు చేసినవారి పేర్ల వరుసలో, తాను ఎప్పుడూ ఖాళీగా వదిలేసే చోట, తన పేరు పూర్తిగా టైపు చేసింది.