జరామయ్య గారి కిటికీ అంచు

1998 వేసవిలో నన్ను చిలకలూరిపేట దగ్గర ఒక జిన్నింగ్ మిల్లుకు కంప్యూటరు పని మీద పంపారు. హోదా సర్వీసు ఇంజినీరు. సంచిలో స్క్రూడ్రైవరు ఉంది కాబట్టి మా గుంటూరు షాపు వాళ్లు ఇచ్చిన హోదా అది. ఆ వృత్తి నుంచి ముప్పై నిండకుండానే రిటైరయ్యాను. శాలువా కప్పాలని ఎవరికీ తోచలేదు.

అందిన ఫిర్యాదు ఒకటే: కంప్యూటరు ఓనరు గారిని తిడుతోంది.

ఆ ఆఫీసులో మధ్యాహ్నం సగం నిద్రలోనే నడిచేది. పత్తి నుంచి గింజ విడదీసే యంత్రాల హోరు గోడల్లోంచి జోలపాటలా వచ్చేది. దూది పోగులు ఎక్కడ వాలాలో తేల్చుకోలేక ఎండ పొడలో ఆగిపోయేవి. అంత తెలుపులో కంప్యూటరు నీలం తెర ఒక్కటే మేలుకున్నట్టుండేది. మీట నొక్కితే దాని మీదికి చిన్న కిటికీ ఒకటి, దూది పోగంత తేలిగ్గా, తేలివచ్చేది.

రైతులకు నోటీసులు తెలుగులో కొట్టడానికి జానీబేగం అనే అమ్మాయి కొత్తగా చేరింది. పని నచ్చితేనే ఉంచుతామన్న షరతు. ప్రతి నోటీసు కిందా ఓనరు రామయ్య గారి పేరు ఉండాలి. ఒక మీట నొక్కితే పేరు ఆ కిటికీలో తేలుతుంది, ఇంకోటి నొక్కితే నోటీసులోకి దిగుతుంది. ఆ ఉదయం రామయ్య గారు ఆమె వెనకాల నిలబడి తెర చూశారు. కిటికీలో "జరామయ్య" అని ఉంది.

జర అంటే ముసలితనం. రామయ్య గారు మీసానికి రంగు వేసుకునే మనిషి. ఆ అమ్మాయిని రేపటి నుంచి రావద్దనేశారు.

"నేను జ కొట్టలేదండీ, ఒట్టు," అంది జానీబేగం నాతో. "పైన చూడండి, యయయయ అని కూడా ఉంది. అన్ని య లు నేనెందుకు కొడతానండీ?"

"కాగితం మీద పేరు బాగానే వస్తోంది కదండీ," అన్నాను రామయ్య గారితో.

"ఏమయ్యా, తెర మీద ముసలాణ్ణి చేసి కాగితం మీద మర్యాద చేస్తారా?"

సంగతి ఇదీ. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక నంబరు సీటు ఉంటుంది. కిటికీ చుట్టూ గీసే జంట గీతలకూ సీట్లున్నాయి. తెర మీద తెలుగు కనిపించడానికి కంప్యూటరు లోపల బిగించిన తెలుగు కార్డు, బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరినట్టు, సరిగ్గా ఆ సీట్లలోనే మన అక్షరాల్ని కూర్చోబెట్టింది. అడ్డగీత సీట్లో య, నిలువుగీత సీట్లో జ. నోటీసులు కొట్టే ప్రోగ్రాము, అంటే ఎడిటరు, అంచు గీస్తోంది; కార్డు దాన్ని అక్షరాలనుకుని చదివి వినిపిస్తోంది.

ఎడిటరులో అంచు మార్చుకునే వీలుంది. ఒంటిగీత పెట్టాను. పైన దదదద, పక్కన క. కరామయ్య.

"బూతు కాదు కదా?" అన్నారాయన.

తర్వాత కార్డు జోలికి రాని గుర్తులు ఏరాను: మూలల్లో కూడిక, అడ్డంగా తీసివేత, నిలువుగా మామూలు కడ్డీ. పేరు శుభ్రంగా తేలింది.

"ఇదేంటయ్యా, నా పేరు చుట్టూ ముళ్లకంచె? నేనేమన్నా దూడనా? తీసెయ్."

తీసేశాను. అంచు లేని కిటికీ నోటీసు మీద మంచులా తేలి, కింది వాక్యంలో ఒక మాటను కప్పేసి, కలిసిపోయింది. రాసిందేమో "తడిసిన పత్తి మిల్లుకు తేవద్దు" అని. తెర మీద మాత్రం "తడిసిన రామయ్య మిల్లుకు తేవద్దు".

జానీబేగం చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను స్క్రూడ్రైవరు వైపు చూశాను. రామయ్య గారు రెండుసార్లు చదువుకున్నారు.

"వెయ్ కంచె," అన్నారు.

వేశాను. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "అమ్మాయ్, రేపు పెందరాళే రా. ఆ నోటీసు వెళ్లాలి. పత్తి అనే వెళ్లాలి."

అప్పటికి దూది వాలి ఆయన మీసం పూర్తిగా తెల్లబడి ఉంది. సర్వీసు రిపోర్టులో ఆ సంగతి రాయలేదు.

ఆ పని నేర్పింది ఇంతే: కిటికీకి అంచు ఉండి తీరాలి. గీసేముందు మాత్రం, ఆ గీత ఎవరి భాషలో ఏ అక్షరమో చూసుకోవాలి.