దిరిసెన కొమ్మను వంచిందెవరు?

దయ్యాల కథలు చెప్పేవాళ్లను మా ఊళ్లో నా అంతగా ఏడిపించినవాళ్లు లేరు. గొర్రెల మంద వెంట పుట్టి పెరిగినదాన్ని. గుట్టల్లో, వానలో మందకు కాపలా పడుకున్నాను. నక్కలను చూశాను, పాములను చూశాను, గొర్రెల దొంగలను కూడా చూశాను. దయ్యం మాత్రం నా కంటబడలేదు. ఎవరైనా చూశామంటే "ఏం తాగినవ్?" అని అడిగేదాన్ని. కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది విని మీరు నవ్వినా నాకేం కోపం రాదు.

మాది దేవరకొండ దగ్గర చిన్న పల్లె. మంద మా నాన్నది, బాపు అని పిలిచేదాన్ని. ఆయన పోయాక నాకు వచ్చింది. మా ఆయన యాదయ్య పత్తి చేను చూసుకుంటాడు, గొర్రెలు నావి. చాలాకాలంగా ఉన్న నడుం నొప్పి ఒక వానాకాలం కాలిలోకి దిగింది. కుడి పాదం మొద్దుబారింది. హైదరాబాదులో ఒక దవాఖానలో వెన్నుకు ఆపరేషన్ చేశారు.

ఇంటికొచ్చాక నడుముకు బెల్టు, ముందు వాకర్. మంచం మీద నుంచి లేవాలంటే ముందు పక్కకు దొర్లాలి, కాళ్లు కిందికి జార్చాలి, మోచేతి మీద బరువు వేసి లేవాలి. వంగకూడదు. దువ్వెన కింద పడితే అమ్మ వచ్చేదాకా అది నన్ను, నేను దాన్ని చూసుకుంటూ ఉండేవాళ్లం. తలస్నానం అమ్మే చేయించేది, చిన్నప్పటిలాగే తిడుతూ. వీపు మీద చరచడం మాత్రం మానేసింది.

పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ ఆపరేషన్ చెడిపోయిన చుట్టం ఒకరు ఉండేవారు. మా ఇంటి చాయ్ తాగుతూ ఆ కథంతా చెప్పి పోయేవారు.

ఇంటికి వచ్చిన కొత్తలోనే స్నానాల గదిలో జారి పడ్డాను. మళ్లీ పరీక్షలు చేసి అంతా బాగుందన్నారు. కాలికి బలం వచ్చింది, ఇక వాకర్ వదిలెయ్ అని డాక్టరు చెప్పారు. వదల్లేకపోయాను. చేతులు తీస్తే చాలు, వెంటనే మళ్లీ పట్టుకునేదాన్ని. భయం వేసింది, అంతే. అందులో దాచడానికేముంది?

యాదయ్య మంద తోలుకుపోతే పత్తి పాడవుతోంది, పత్తికి పోతే మంద పస్తుంటోంది. ఒకరోజు నా మంచం పక్కన కూచున్నాడు. "నాతోని అయితలేదు. నువ్వు నడుస్తనంటే ఎన్ని రోజులైనా మందెంట పోత. నడుస్తవా? చెప్పు" అన్నాడు. నడుస్తానని మాట ఇవ్వలేకపోయాను, దాంతో మందను అమ్మకానికి పెట్టాడు. నకిరేకల్ నుంచి గొర్రెల బేరగాడు ఆదివారం వస్తానన్నాడు. గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఆ మంద బాపు చేతుల మీద పెరిగింది. నేనూ అంతే.

పగలంతా దొడ్డిలో ఒక్క నల్లమూతి గొర్రె మిగిలేది. రాళ్లలో పడి దాని ముందుకాలు విరిగింది. వెదురు బద్దలు కట్టాం, ఎముక అతుక్కుంది, కట్టు విప్పాం. అయినా లేవదు. యాదయ్య ఎత్తి నిలబెడితే నిలబడేది, వదలగానే కూలబడేది.

బాపు ఉంటే అలా ఎత్తనిచ్చేవాడు కాదు. "చేత్తోని లేపకుండ్రి, దానికి చెయ్యి మరుగుతది" అనేవాడు. ఆయన పద్ధతి వేరు. దగ్గర్లోని చెట్టు కొమ్మను సగమే నరికి, తెగకుండా కిందికి వంచేవాడు. ఆకు గొర్రె మూతికి జానెడు దూరంలో వేలాడాలి. తర్వాత పక్కకు జరిగి, నాలుకను అంగిలికి కొట్టి 'టక్ టక్' మనేవాడు. చివర సన్నగా ఒక ఈల. గొర్రె తనంతట తనే లేచేది. సగం కోసిన కొమ్మ కూడా చావదు, మళ్లీ చిగురు వేస్తుంది. ఆ పిలుపు మా ఇంట్లో ఇంకెవరికీ పట్టుబడలేదు. యాదయ్య గొడ్డలి వేశాడంటే కొమ్మ నేల మీద పడాల్సిందే.

బేరగాడు రావడానికి ముందురోజు, మధ్యాహ్నం. యాదయ్య మందతో వెళ్లాడు. అమ్మ ముందు గదిలో కునుకు తీస్తోంది. నేను వెనక వసారాలో మంచం మీద కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. కాబట్టి కల అనుకోవడానికి లేదు.

దొడ్డిలోంచి 'టక్ టక్' మని వినిపించింది. చివర సన్నటి ఈల.

"ఎవలది?" అని అరిచాను. గొర్రె అరిచింది. మళ్లీ అదే పిలుపు.

ఎలా లేచానో గుర్తు లేదు. వెళ్లి తడిక తీసి చూస్తే, నల్లమూతి గొర్రె నాలుగు కాళ్ల మీద నిలబడి, మెడ చాచి దిరిసెన ఆకు తింటోంది. దొడ్డి మూలనున్న చెట్టు కొమ్మ ఒకటి కిందికి వంగి ఉంది. సగం కోత, ఇంకా తడి ఆరలేదు. పొద్దున యాదయ్య నీళ్లు పెట్టినప్పుడు ఆ కొమ్మ పైనే ఉంది. దొడ్డిలో మనిషి జాడ లేదు.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. వాకర్ మంచం పక్కనే ఉంది.

మధ్యలో గతుకుల వాకిలి, బండలు, నీళ్ల తొట్టి. అదంతా దాటి వచ్చాను. భయపడాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. "అమ్మా, లెవ్వే! నేను నడిసిన!" అని ఊరంతా వినబడేలా అరిచాను.

అమ్మ పరుగున వచ్చి నన్ను చూసి భోరుమంది. తర్వాత కొమ్మను చూసి ఏడుపు ఆపేసింది. కోత మీద వేలితో తడిమింది. "గిది ఎడమచేతి దెబ్బ, బిడ్డా" అంది. మా బాపుది ఎడమచేతి వాటం.

ఆరా తీయకుండా ఊరుకునే రకం కాదు నేను. బాపు గొడ్డలి అటక మీదే ఉంది, దాని మీది సాలెగూడు చెదరలేదు. యాదయ్య గొడ్డలి అతనితోనే ఉంది. దొడ్డి చుట్టూ ముళ్లకంప, నా వసారా ముందు నుంచి తప్ప లోపలికి దారి లేదు. ఊళ్లో కాపరులందరినీ అడిగాను, ఆ పూట అందరూ గుట్ట అవతలే ఉన్నారు. నొప్పి మాత్రల మత్తు అన్నారు కొందరు. మాత్ర వేసుకుంది నేను గానీ చెట్టు కాదు కదా!

సాయంత్రం మంద వచ్చే వేళకు బాట మీదికి వెళ్లి నిలబడ్డాను. పక్కనే ఉన్న అమ్మను చెయ్యి కూడా వేయనివ్వలేదు. యాదయ్య నన్ను చూసి ఆగిపోయాడు. గొర్రెలు ఆగలేదు, వచ్చి నా చుట్టూ చేరాయి. వాటి ఒళ్ల వెచ్చదనం కాళ్లకు తగులుతుంటే కుడి పాదానికి కూడా తెలిసింది. అంత సంతోషం నా పెళ్లిలో కూడా లేదు.

యాదయ్య బేరగాడికి ఫోన్ కలిపాడు. నేనే లాక్కుని, "గొర్రెలు అమ్ముతలేం అన్నా, నేను నడుస్తున్న" అని చెప్పాను. ఆయనకేం అర్థమైందో, "మంచిది అక్కా" అన్నాడు.

ఇప్పుడు మంద వెంట గుట్ట దాకా పోతున్నాను. వంగి చేసే పనులు యాదయ్యవి, నడిచే పనులు నావి. వాకర్‌ను గొర్రెపిల్లల దొడ్డికి అడ్డంగా కట్టాం, బాగానే పనికొస్తోంది. దిరిసెన కొమ్మ అతుక్కుని చిగురు వేసింది.

దాన్ని వంచిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. కాకపోతే కొన్ని మధ్యాహ్నాలు నల్లమూతి గొర్రె మేత ఆపి, ఎవరో పిలిచినట్టు ఆ చెట్టు వైపు తల ఎత్తుతుంది. నాకేమీ వినబడదు. అయినా "వస్తున్న బాపూ" అని లేచి నిలబడతాను, ఏదీ పట్టుకోకుండా.