కూలర్ నీళ్ళ కింద బర్మా ధనియా

పిన్ని పోయిన మరుసటి వేసవిలో మా ఇంట్లో ఏసీ పెట్టించాను. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని అప్పుడు నాకు తట్టలేదు. కుదురుగా కూర్చుని ఆలోచించడం నాకు పుట్టుకతోనే లేదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతావేమే అని నాన్న రోజుకోసారైనా అనేవాడు.

రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మాదొక రైల్వే క్వార్టరు. నాన్న వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. మా వరుసలో చాలామంది లాగే మేమూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం. అమ్మ చెల్లెలిని మాత్రం పోర్ట్‌బ్లెయిర్‌లో ఇచ్చారు. అక్కడా మా జిల్లావాళ్ళు తక్కువేం కాదు. బాబాయి అక్కడ కర్ర మిల్లులో పనిచేసేవాడు.

రెండు మూడేళ్ళకోసారి పిన్ని ఓడెక్కి విశాఖపట్నం చేరి, అక్కణ్ణించి రైల్లో మా ఇంటికి వచ్చేది. సంచి విప్పితే సగం దీవి బయటపడేది. ఎండుచేపలు, ఎర్రటి పడౌక్ కర్రతో చేసిన అప్పడాల కర్ర, గవ్వలు, తేనె. నికోబారువాళ్ళు మొగలి జాతి పండునొకదాన్ని ఉడకబెట్టి, గుజ్జు తీసి రొట్టెకి బదులు తింటారని చెప్పేది. నేను ఆవిడ కొంగు పట్టుకుని తిరుగుతూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేదాన్ని. నాకు అర్జంటుగా ఆ ఓడెక్కేయాలనిపించేది.

ఒకసారి స్టీలు టిఫిన్ డబ్బాలో, తడిగుడ్డలో చుట్టి నాలుగు మొక్కలు తెచ్చింది. పొడుగాటి ఆకులు, అంచులకి రంపపు పళ్ళు. బర్మా ధనియా అంది. బర్మా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు తెచ్చుకున్నారట, ఇప్పుడు అక్కడ అది లేకుండా చేపల కూర ఉండదట. ఆకు నలిపి వాసన చూసిన నాన్న, ఇది నల్లుల కంపు తప్ప వేరే కాదని తేల్చేశాడు. ఆ రాత్రి కూర మటుకు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

మే నెలలో మా మట్టిలో చెయ్యి పెడితే కాలుతుంది. నీడా తడీ కావాల్సిన ఈ మొక్కని ఎక్కడ పెట్టాలి? పిన్ని ఇంటి చుట్టూ తిరిగి, వెనక కిటికీకి బిగించిన కూలర్ కింద ఆగింది. అక్కడ రోజంతా నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతుంటాయి. తన చేత్తోనే నాటింది. ఆ ఏడు కాలనీ అంతా అప్పడంలా ఎండిపోయినా అది మాత్రం పచ్చగా నిగనిగలాడింది. మిగతా కాలాల్లో అంట్లు తోమిన నీళ్ళే దానికి సరిపోయేవి.

సునామీ వచ్చినప్పుడు పిన్నివాళ్ళ ఇల్లు గుట్ట మీద ఉంది కాబట్టి బతికారు. ఫోన్ కలవని ఆ రోజుల్లో అమ్మ అన్నం ముట్టలేదు. తరవాత పిన్ని వచ్చినప్పుడు అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"ఇక్కడికొచ్చీయండే. గుఢియారీ బజార్లో ఏదో ఒక పని దొరకదేటి మీ ఆయనకి?"

మా వైపు అక్కని అప్పా అంటారు. "ఎలగొస్తామప్పా," అంది పిన్ని. "అక్కడ నాటుకుపోనాం గదా."

అమ్మ ఆ తరవాత కూడా అడుగుతూనే ఉంది. ప్రతి రాకలోనూ, ప్రతి ఫోన్‌లోనూ.

నేను ఎమ్మెస్సీ బోటనీలో చేరాను. దీవుల పాఠం విన్నాక ఇక నిలవలేకపోయాను. సముద్రం మధ్యలో పైకి తేలిన ఉత్తి నేల మీదకి విత్తనం నీళ్ళలో కొట్టుకొస్తుంది, గాలికొస్తుంది, పిట్ట కడుపులో వస్తుంది. తరాలు గడిచేసరికి ఆ చోటుకి తగ్గట్టు మారిపోయి, ఇంకెక్కడా లేని జాతి అవుతుంది. ఇదంతా అప్పుడే వచ్చిన పిన్నికి గుక్కతిప్పుకోకుండా చెప్పి, నీ బర్మా ధనియా అసలు ఆ దీవిదే కాదు, బర్మాదీ కాదు, అమెరికా ఖండంలో పుట్టిందని కోర్టులో తీర్పులా ప్రకటించాను.

"మేం మాత్రం ఆ దీవిలో పుట్టినామేటే?" అని పిన్ని చేపలు కడుక్కుంటూ పోయింది.

"చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్లేదు," అంది అమ్మ.

నా చదువుతో ఒక్క పని చేశాను. పూకాడ లేస్తే ఆకు ముదిరిపోతుంది, కాబట్టి లేచిన కాడనల్లా కోసి వెనక మురుగు నాలీలో పారేసేదాన్ని. ఆకు లేతగా ఉండేది. అమ్మ మెచ్చుకుంటే ఉబ్బిపోయేదాన్ని.

పిన్ని జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. అమ్మ ఆఖరి చూపుకి అందలేదు. అక్కడికెళ్ళి వచ్చాకనైనా ఏడుస్తుందనుకున్నాం, ఏడవలేదు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి ఆ కూలర్ పక్కన కూర్చునేది. దాంతో ఏమైనా మాట్లాడేదో లేదో నాకు తెలియదు. చెల్లెలి చేతిది ఆవిడకి మిగిలింది అదొక్కటే.

అప్పటికి నేను తెలీబంధాలో ఒక స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. వేసవిలో అమ్మానాన్నా పది రోజులు ఊరెళ్ళారు. వచ్చేసరికి ఆశ్చర్యపోవాలని ఏసీ పెట్టించాను. మనుషులొచ్చి కూలర్ ఊడదీసి పట్టుకుపోయారు. నేను కిటికీలు మూసుకుని చల్లగా పడుకున్నాను. వెనక తలుపు తీయనే లేదు.

అమ్మ వచ్చి ముందు ఆ తలుపే తీసింది. నేను ఏసీ రిమోట్ పట్టుకుని వెనకాలే వెళ్ళాను. మొక్క ఉన్నచోట గోధుమరంగు గడ్డి ఉంది. ముట్టుకుంటే పొడి అయింది.

"దీనికి నీళ్ళు పోసీది కూలరే గదే," అంది. అంతే, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

విత్తనం లేదు, కాడలన్నీ నేనే కోసేశాను గనక. బాబాయికి ఫోన్ చేస్తే మొక్కలు పంపిస్తానన్నాడు. అమ్మ వద్దంది. "అది నీ పిన్ని నాటింది కాదు గదా." అమ్మ ఎవరెవరికి మొక్కలు పంచిందో వాళ్ళ ఇళ్ళన్నీ ఎండలో తిరిగాను. ఎక్కడా బతికి లేదు. ఇంట్లో కూర్చోలేను, ఆ ఏసీ గదిలో అసలు కూర్చోలేను. బోటనీ టీచర్ని, ఒక మొక్కకి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూసుకోలేదు. సిగ్గుతో తల కొట్టుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం కలుపుతూ ఆగిపోయాను. కాడలు కోశాను సరే, ఆలస్యంగా కోసినవాటిలో గింజ పట్టినవీ ఉన్నాయి, వాటిని ఎక్కడ పారేశాను? నీళ్ళలో. విత్తనం నీళ్ళలో కొట్టుకొస్తుందని పరీక్షలో నాలుగు పేజీలు రాసినదాన్ని నేనే. ఎంగిలి చెయ్యి కడిగి, చున్నీ నెత్తిన వేసుకుని నాలీ వెంట నడిచాను. మా వరుస దాటింది, ఇంకో రెండు వరుసలు దాటాయి. కాలనీ చివర కారుతున్న కుళాయి పక్కన, ఇక్కడివాళ్ళు బేషరం అనే తూటి పొదల నీడలో రంపపు అంచుల ఆకులు కనిపించాయి. నాలుగు కాదు, చాపంత మేర.

గిన్నెలు తోముతున్న ఛత్తీస్‌గఢీ ఆవిడని అడిగితే, ఇది ఏటా మొలుస్తుందనీ, నల్లి కంపు కొడుతుందని దొరికినంత పీకి పారేస్తుంటాననీ చెప్పింది.

పరుగున ఇంటికెళ్ళి అమ్మని లాక్కొచ్చాను. అమ్మ చతికిలబడి, ఒక ఆకు తుంపి, నలిపి, మొహానికి దగ్గరగా పెట్టుకుంది. అలాగే కూర్చుని, ఏడాదిగా ఏడవనిదంతా ఏడ్చింది. ఏం చెయ్యాలో తోచక నేను తెచ్చిన ఖుర్పీతో మట్టి తవ్వబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"పీకకే."

"ఇంటికి తీసుకెళ్దామమ్మా. రోజూ నేనే నీళ్ళు పోస్తాను."

"నీ పిన్నిని రమ్మని ఎన్నిమార్లు బతిమాలినాను. వచ్చిందేటి? నాటుకున్నకాడే ఉండనీ."

కళ్ళు తుడుచుకుని లేచింది. రెండే ఆకులు కొంగున కట్టుకుంది. ఇన్నేళ్ళైనా సరిగ్గా పట్టుబడని హిందీలో, గిన్నెలు తోముతున్న ఆవిడతో మెల్లగా అంది.

"బహన్, ఏ మేరీ బహన్ కా హై. మత్ ఉఖాడ్‌నా."

మా చెల్లిది, పీకొద్దు అని. ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టి, సరేనని తలూపింది.